పెరటాసిలో అనపకాయలు

తిరుచానూరు రోడ్డులో
టైర్ల అంగడికీ అద్దాల అంగడికీ నడాన
కొత్తగా తెరిచినారు.
ఎర్ర కాయితం లాంతరు, దాని కింద నీలిగుడ్డ తెర.
తలొంచితేగానీ లోపలికి పోలేము.
"ఇదేందిమే, తినే ముందరే దండం పెట్టిస్తాండారు" అని
ధనకోటి నవ్వింది.

పదకొండు నెల్లు మా లైన్లో నిలబడి
మొరితా సారు మాట్లాడింది రెండే మాటలు:
ఓకే. నాట్ ఓకే.
రాగి గొట్టాన్ని నీళ్లలో ముంచి
బుడగ వస్తాదేమోనని ఊపిరి బిగబట్టి చూసేది నా పని.
వస్తే ఎర్ర చీటీ.
బుధవారం ఆయప్ప వాళ్ల దేశానికి ఎల్లిపోతాడంట,
అందుకని మా ఆరుమందికీ ఈ విందు.
శనివారమే కుదిరింది.

పెరటాసి శనివారం!
నామం పెట్టుకొని వచ్చిన చెంగల్రాయుడు
మెనూను కూడా దూరంగా పట్టుకున్నాడు.
బొగ్గుల మీద, పుల్లలకు గుచ్చిన కోడి
చిటచిటా అంటాండాది.
పొగ మాత్రం పెరటాసి పాటించదు,
నేరుగా వచ్చి ముక్కులో కుచ్చుంటాది.
"వాసన పీల్చొచ్చా?" అన్నాడు చెంగల్రాయుడు.
"పీల్చు, మింగొద్దు" అనింది ధనకోటి.

తాగే అంగడంట ఇది, వాళ్ల దేశంలో.
పొద్దుగూకితే పని బట్టల్తోనే వచ్చి
కొంచెం తింటా, కొంచెం తాగతా
ఆఫీసర్ని తిట్టుకునే చోటంట.
ఈడ ఇంకా లైసెన్సు రాలేదని
చిట్టి పింగాణీ గ్లాసుల్లో బార్లీ నీళ్లు పోసినారు,
జరమొచ్చినోళ్లకు మాదిరి.
మేం తిట్టాల్సిన ఆఫీసరు ఎదురుగ్గానే కుచ్చోని
రెండు చేతుల్తో మాకే పోస్తాండాడు.

అన్నీ గోరంత గిన్నెలు,
పిల్లోళ్లు బువ్వాలాట ఆడినట్టు.
కాల్చిన వంకాయ వచ్చింది, పైన ఏందో తియ్యటి ముద్ద.
తెల్లగా వణికే సోయాగడ్డ వచ్చింది.
అద్దుకోను కారం అడిగితే
పచ్చటి పిసరు పెట్టినారు.
నాలిక మీద కాదు, నడినెత్తిన మండింది.

ఆ ఎనక, ఆవిర్లు పోతా,
గిన్నె నిండా పచ్చటి కాయలు,
పైన రాళ్లుప్పు.

అనపకాయలు!
పెరటాసిలో అనపకాయలేంది,
మంచు పడొద్దా?
పలమనేరు సంతలో గోనె పరుచుకొని
మా పెద్దమ్మ పళ్లేలతో కొలిచి పోసేది.
రాత్రంతా నానిన గింజల్ని
బొటనేలికీ చూపుడేలికీ నడాన పితికితే
తోలు ఒక దిక్కు, పప్పు ఒక దిక్కు.
పితికి పితికి గోళ్లసందులు పచ్చబారి
బడిలో పలక కూడా అదే వాసన.

సారు కాయను పళ్ల మధ్యన పెట్టి
సర్రున లాగి, గింజల్ని నోట్లోకి రాల్చుకొని
ఇట్ల తినాలని చూపించినాడు.
"ఇట్ల కాదు సార్, ఇట్ల" అని
నేను ఒక్క పితుకు పితికితిని.
గింజ ఎగిరి
ఆయప్ప కళ్లద్దానికి టక్కున తగిలి
బార్లీ నీళ్లలో పడింది.

అందరం ఊపిరి బిగబట్టినాం.
సారు గ్లాసులోకి చూసినాడు,
బుడగ వస్తాదేమోనని చూసినట్టు.
"ఓకే" అన్నాడు.

ఆ ఎనక నవ్వు ఎవురికీ ఆగలా.
ఆయప్ప కూడా పితకను నేర్చి
మూడు గింజలు గోడకు కొట్టినాడు.
చెంగల్రాయుడు లెక్క రాసినాడు.

ఎల్లొచ్చేటప్పుడు వాకిట్లో ఓనరు,
నగరి మగ్గాలోళ్ల పిల్లోడు, ఏకాంబరం,
తెరను నిమురుతా చెప్పినాడు:
"గుడ్డ మా ఇంట్లో నేసిందే సార్.
అక్షరాలు మా యమ్మ కుట్టింది, ఫోన్లో బొమ్మ చూసుకుంటా."
సారు చానాసేపు చూసినాడు.
నడుం దాకా వంగినాడు.
రోడ్డెక్కినాక నా దిక్కు తిరిగి
అరచెయ్యి ఎల్లకిలా పెట్టి, బోర్లించి,
కన్నుతో తెరను చూపించినాడు.
తలకిందులు.
ఎనకనే పెదాల మీద ఏలు.

కొత్త సారు వచ్చినాడు. ఈయప్ప చానా మాట్లాడతాడు.
రెండో షిఫ్టు దిగి కంపెనీ బస్సులో వస్తాంటే
లాంతరు ఎలుగులో ఆ తెర ఊగతా కనపడతాది.
ధనకోటికి చెప్పలేదు.
ఏకాంబరానికి చెప్పలేదు.
రోజుకు నాలుగొందల గొట్టాలు చూసేదాన్ని,
నాకు చదవను రాని ఆ రెండు అక్షరాల మీద
ఎర్ర చీటీ అంటించలేదు.