పిడికెడు ఇత్తడి

బుడితిలో కంచరి దాలయ్య
నా చేతిలో మైనం ముద్ద పెట్టి
"పిసుకు బావా" అన్నాడు.
"టార్చి పట్టుకున్నట్టు. దొంగని పట్టుకున్నట్టు కాదు."

పిసికాను.
చూపుడువేలు సగమే నాకు.
తక్కిన సగం పదేళ్ళ కిందట
అలివి వల తాడు పట్టుకుపోయింది.
మైనంలో మూడు పల్లాలు పడ్డాయి,
నాలుగోది సగంలో ఆగింది.
దాలయ్య దాన్ని చూశాడు. ఏమీ అడగలేదు.
"పద్దెనిమిది వందలు. అమాస ఎల్లినాక రా."

అమావాస్య వెళ్ళింది. నేనూ వెళ్ళాను.
నరసన్నపేటలో బస్సు మారేదాకా మూట విప్పలేదు.
విప్పితే,
ఇంతేనా!
మా అప్పలనరసమ్మ సున్నపుకాయ కంటే
రెండంగుళాలు పొడుగు, అంతే.
జేబులో వేస్తే మాత్రం
చొక్కా మొత్తం ఆ పక్కకి వాలిపోయింది.
పక్క సీటు ముసలమ్మ
"ఏటి బావూ అది, తూకపు రాయా?" అంది.

చింతపండుతో అప్పుడే తోమిన గిన్నె వాసన.
మూత తిప్పితే
నెయ్యిలో తిరిగినట్టు తిరిగింది.
అతుకు ఎక్కడుందో గోటితో వెతికాను,
సారవకోట మలుపునించీ వచ్చిన ధూళి దొరికింది గానీ
అతుకు దొరకలేదు.
మీట ఒక్కటే మొండిది.
బొటనవేలితో నొక్కాను. ఊహూఁ.
గట్టిగా నొక్కాను. ఊహూఁ.
డబ్బులు నీళ్ళపాలని పళ్ళు కొరుక్కుంటుంటే

బస్సు గతుకులో ఎగిరింది,
పడిపోతుందని పిడికిలి మూశాను.
మూడు వేళ్ళూ మూడు పల్లాల్లోకి జారాయి.
సగం వేలికి సగం పల్లమే ఉంది.
ఆ సగం చివర,
మొండి సరిగ్గా ఆనేచోట,
మీట.
మొండికి మొండే లొంగింది.

బస్సు కప్పు మీద చంద్రుడంత చుట్టు,
అంచు చెదరకుండా.
"ఆర్పీ బావూ, పట్టపగలు కదేటి!" కండక్టరు కేక.
ఆర్పాను. వెలిగించాను. ఆర్పాను.
పదేళ్ళు పనిలేకుండా కూర్చున్న వేలు మరి.

ఇంకోటి తర్వాత చూశాను:
బొటనవేలు ఆనేచోట దాలయ్య
ఆకురాయి పెట్టలేదు.
మైనంలో పడ్డ గీతలు పడ్డట్టే
ఇత్తడిలోకి దిగాయి.
నేను వేలిముద్ర వేసిన చోటల్లా
ఏదో ఒకటి నా చేతిలోంచి పోయింది,
పడవ అప్పు కాగితం మీద పడవ,
సర్వే కాగితం మీద ఒడ్డు.
ముద్రే తిరిగొచ్చి చేతిలో కూర్చోవడం
ఇదే మొదలు.

రాత్రి కళింగపట్నం ఇసకలో, సరుగుడు తోట దాటి
తాబేలు గుడ్లకి కాపలా నా పని.
నక్కల్ని తోలాలి, కుక్కల్ని తోలాలి,
అప్పుడప్పుడు మా పెదబాబు కొడుకునీ.
లైటుహౌసు ఎక్కడో నడిసముద్రానికి దారి చెబుతుంటుంది,
కాళ్ళకింద ఏముందో దానికి పట్టదు.
పాత టార్చి తెల్లగా కొడితే
ఒడ్డెక్కిన తల్లి
కడుపులో గుడ్లు కడుపులోనే మోసుకుని
వెనక్కి మళ్ళిపోయేది.
అందుకే ఎర్రది అడిగాను.

మూత అరచుట్టు తిప్పాను.
ఆరబోయే బొగ్గు ఎరుపు.
నాలుగడుగులు పోయి ఆగిపోయింది.
ఓరి దాలయ్యా,
నాలుగడుగులకా పద్దెనిమిది వందలు!

అప్పుడొచ్చింది, పళ్ళెమంత వీపుతో,
ఇసకని తెడ్లతో తోస్తూ.
మూడడుగుల దూరంలో నేను.
తల ఎత్తింది, ఎరుపు చూసింది,
దాన్ని లెక్కచెయ్యక గొయ్యి తవ్వుకుంది.
ఒక్కోటి జారుతుంటే వేళ్ళు మడిచి లెక్కపెట్టాను.
నూట పదకొండు.
సగం వేలు దగ్గర
ఎప్పుడూ తప్పే లెక్క తప్పలేదు,
ఆ వేలు మీట మీద ఉంది కదా.

గొయ్యి పూడ్చుకుని తల్లి నీళ్ళలోకి పోయింది.
ఇత్తడి నా అరచేతి వేడికి వచ్చింది.

ఒకటే తప్పు.
మెళ్ళో వేసుకోడానికి తాడు కన్నం పెట్టలేదు.
మర్చిపోయాడో, కావాలనే వదిలేశాడో
మళ్ళీ అమాసకి వెళ్ళి అడగాలి.