ఒకటిన్నర చుట్టు

పరుగులో ఉంటే బానే ఉంటాదండి.
అంతర్వేది రోడ్డు మీద ఎనిమిది మందినేసుకుని
సముద్రపు ఎదురుగాలిలో కూడా దమ్ము తగ్గదు.
ఆగితేనే చచ్చిపోతాది.

కొత్త కార్బొరేటరండి. భీమవరంలో కొన్నది.
రెండువేల ఆరొందలు, బిల్లు ఇంకా జేబులోనే ఉంది.
పాతది కారేది, పెట్రోలు తాగేది,
కానీ సఖినేటిపల్లి రేవులో గంటసేపు నిలబెట్టినా
ముసలి పిల్లిలా గురగురమంటానే ఉండేది.
ఇది నిగనిగలాడతా వచ్చింది గానీ
నిలబడ్డం నేర్చుకుని రాలేదు.

పన్నెండు రోజులు
నా కుడి మణికట్టే దానికి ఊపిరి.
లాకుల కాడ వంతెన ఇరుకైతే రేసు.
గేదెలు అడ్డొస్తే రేసు.
రొయ్యల షెడ్డు ముందు ఆడోళ్ళు
చేతి తొడుగులు విప్పుకుని ఎక్కేదాకా రేసు.
ఎడం చేత్తో చిల్లర తీసుకున్నానని
దీవెనమ్మ తిట్టిన తిట్లకి లెక్కలేదు.
రేవు వాలులో బండి వెనక్కి జారకుండా
సీటు కింద ఒక కొబ్బరి డొక్క ఉంటాది.
ఎవరో ఒకరు దిగి చక్రం కిందకి తన్నేవారు.
నేను మాత్రం దిగింది లేదు.

మలికిపురంలో డ్రెయిను పక్కన ఏసుపాదం షెడ్డు.
ఆయనకి ఎడం చెవి వినపడదు.
పెద్ద స్క్రూడ్రైవరు మొనని ఇంజనుకి ఆనించి
పిడిని కుడి చెవికి ఆనించి
కళ్ళు మూసుకున్నాడు.
నేను మాట్లాడబోతే చెయ్యెత్తాడు.
బండి ముందు, నేను తర్వాత.

"కొత్తదాన్ని దేని మీద కూచోబెట్టావు?"
పాత ప్యాకింగు మీదేనండి.
"ఆయ్" అన్నాడు.
అందులో ఎంత ఎత్తిపొడుపుందో
మా వైపు పుట్టినోళ్ళకే తెలుస్తాది.

కోళ్ళ మందు సిరంజిలో సబ్బు నీళ్ళు పట్టి
అతుకు చుట్టూ ఒక్కో చుక్కా వదిలాడు.
పైన, ఏం లేదు.
పక్కన, ఏం లేదు.
కింది బోల్టు కాడికి రాగానే
ఎగిరెగిరి పడతన్న ఇంజను
రెండు గుక్కల సేపు కుదురుగా కొట్టుకుని
మళ్ళీ తడబడింది.

"అదిగో, దొంగగాలి."

పరుగులో ఉన్నప్పుడు
అది తాగే గాలిలో ఇది లెక్కకే రాదంట.
మెల్లగా ఉన్నప్పుడే తెలుస్తాదంట
వెంట్రుకంత సందు ఎంత పెద్దదో.

ప్యాకింగు కాయితాన్ని అతుకు మీద పరిచి
చిన్న సుత్తితో అంచుల్ని తట్టాడు.
రూపాయి మీద కాయితం పెట్టి
పెన్సిలు రుద్దితే బొమ్మ తేలినట్టు
రెండు బోల్టు కన్నాలు, మధ్యలో గొంతు,
ఒక్కొక్కటే తేలాయి.
ఇటు కాస్త, అటు కాస్త బిగించాడు.
ఒక పక్కే బిగిస్తే రెండో పక్క అలుగుతాదంట.

గాలి స్క్రూ లోపలికంటా తిప్పి
వెనక్కి ఒకటిన్నర చుట్టు.
"కంపెనీవోడు చెప్పింది ఇది.
ఇదేమంటాదో విందాం."
బియ్యపుగింజంత ముందుకి.
అందులో సగం వెనక్కి.
వేడి తగ్గని టీ గ్లాసు ఇంజను మూత మీద పెట్టాడు.
టీలో సన్నటి వలయాలు,
అన్నీ ఒకే దూరంలో.

"చెయ్యి తియ్యి."
తీశాననుకున్నాను.
"చెయ్యి తియ్యవోయ్."
చూసుకుంటే నా గుప్పిట
హ్యాండిలు మీదే ఉంది.
వేళ్ళు ఒక్కొక్కటీ విప్పుకోవాల్సొచ్చింది.
బండి పట్టించుకోలేదు.
దాని పాటికది కొట్టుకుంటానే ఉంది.
ఏసుపాదం నూటయాభై అడిగాడు.
రెండొందలిచ్చి చిల్లర అడగలేదు.

సాయంత్రం రేవులో
పంటు ఇంకా నరసాపురం ఒడ్డునే ఉంది.
"ఇంజనాపవయ్యా, పెట్రోలు ఊరికే వచ్చిందా!"
వెనక నుంచి దీవెనమ్మ.
ఇంకాసేపండి అన్నాను.
దిగి,
కాళ్ళు చాపుకుని,
డొక్క నేనే పెట్టాను చక్రం కింద.