మలేరియా రిజిస్టరు వెనక పేజీ

గడ్చిరోలి నుంచి వచ్చిన ఆడిట్ సాబు
మలేరియా రిజిస్టరును వెనక నుంచి తెరిచిండు.
ఆఖరి పేజీల నా చేతిరాత.
"ఇవన్నీ ఏం జబ్బులు, సిస్టర్?"

జబ్బులు కావు, మాటలు.
రెండక్షరాల ఇంగ్లీషు మాటలు, అన్నిట్ల ఏ ఉన్నవి.
సిరొంచల కరెంటు పోయిన రాత్రులు
ఒక్కొక్కటే రాసి పెట్టుకున్న.

డాక్టర్ మృణాల్ వైరాగడే వార్ధా మనిషి.
మంచిర్యాలల రైలు దిగి, ప్రాణహిత దాటి వచ్చింది
ఒక సూట్‌కేసు, ఒక కుక్కరు, ఒక చెక్కబిళ్ళల సంచితోని.
బిళ్ళకొక అక్షరం, మూలకు చిన్న అంకె.
ఏ బిళ్ళలు తొమ్మిది ఉండాలె, ఎనిమిదే ఉన్నయి.
ఒకటి పడవ పలకల సందుల నుంచి నీళ్లల్లకు జారిందట.
దాని బదులు మక్కగింజ పెట్టినం.
వార్డు బాయి కోడి ఓసారి దాన్ని మింగబోయింది.

పెద్ద మాటలు నాకు రావు.
"చిన్నవి నేర్చుకో చాలు, గెలుస్తవు"
అని ఆమె మరాఠీల అన్నది.
నేను తెలుగుల తలూపిన.

ఏ పక్కన ఏ:
కొండ కక్కిన నిప్పు చల్లారి గరుకు రాయైతే, దాని పేరు.
ఉత్త కాళ్లతో నడిస్తే నెత్తురొస్తదట.

బి, ఏ:
పిట్ట ఒళ్ళు, మనిషి మొహం ఉన్న ఆత్మ. ఈజిప్టోల్లది.
కె, ఏ: వాళ్లదే ఇంకో ఆత్మ.
చచ్చినంక ఎన్ని మిగులుతయో వాళ్లకు!
కా అంటే ఆమెకు ఎందుకు అని,
నాకు చుట్టమొస్తడని చెప్పే కాకి.

జెడ్, ఏ:
పిజ్జాను కురచ చేసిన పేరు. పదకొండు పాయింట్లు.
ఇప్పటిదాక తినలే,
చానాసార్లు దాంతోనే గెలిచిన.

ఎన్, ఏ కాడ కొట్లాటైంది.
కాదు అని పుస్తకంల ఉన్నది.
నా అంటే నాది గద మేడం అంటి.
మా మరాఠీల అయితే, అవును గదా అని అడిగే తోక, అన్నది.
నాది. కాదు. గదా.
రెండు బిళ్ళలనే మూడు తీర్ల చదివినం
దీపం వత్తి ఎగదోసుకుంట.
పాయింట్లు మాత్రం రెండే.

ఏ, ఐ:
మూడు గోర్ల జంతువు, మహా బద్ధకం,
చెట్టుకు తలకిందులుగ వేలాడి
వారానికోసారి కిందికి దిగుతది.
చదువుకుంట చదువుకుంట ఆగింది మేడం.
ఆయీ అంటే వాళ్లకు అమ్మ.
ఇంటికి పోక ఎనిమిది నెలలు.
బిళ్ళలు బోర్డు మీద పెట్టలే,
పిడికిట్ల పట్టుకొని కూసున్నది.
ఆ ఆట లెక్క ఇప్పటికీ తెగలే.

ఇంకో రాత్రి
అసరల్లి అవతలి అడివిల నుంచి
మంచం మీద మోసుకొచ్చిన్రు ఒక మాడియా పిల్లను.
టార్చి నేను పట్టిన.
తెల్లారేదాక ఒకటే మాట అరిచింది:
యాయో, యాయో.
మగపిల్లడు, రెండు కిలోల నాలుగొందలు.
చేతులు కడుక్కుంట మేడం వేళ్ల మీద లెక్కేసింది,
వై, ఏ, వై, ఓ.
"పది పాయింట్లు, సిస్టర్.
కాని నా పుస్తకంల ఈ మాట లేదు."

టి, ఏ:
థాంక్స్ అనేదానికి అన్నిటికన్నా చిన్న మాట.
బదిలీ కాయితం వచ్చినంక
జీపెక్కుతా సంచి నా చేతిల పెట్టింది.
ఆ మాట యాదికుండె, నోట్లకు రాలే.
"మక్కగింజ పురుగు పడితే మార్చాల్నా మేడం?"
అని అడిగిన, పిచ్చిదాని లెక్క.

ఇదంతా సాబుకెందుకు చెప్తం.
ఆయన వేలు ఇంకా ఆ పేజీ మీదనే ఉన్నది.
నేను చదివింది మరాఠీ బడి,
తెలుగు రాసినా నాగరి అక్షరాలల్లనే రాస్త.
చదవొస్తున్నది ఆయనకు, తెలుస్తలేదు.
పెదాలు మెల్లగ కదులుతున్నయి,
గరుకు రాయి, పిట్ట ఒళ్ళు, నాది, కాదు...

"సీజనల్, సాబ్," అన్న.
"వానకాలం ఎక్కువ."
ఎర్రపెన్ను తీసి టిక్కు కొట్టిండు.