పట్ట తిరగేసిన రోజు

పైనుంచి కాగితం వచ్చింది.
పిల్లలూ పెద్దలూ కలిసి ఆడాలంట,
ఫోటోలు సాయంత్రం నాలుగులోపు ఎక్కించాలంట.
పదకొండేండ్లుగా బేతంచెర్ల బడిలో డ్రిల్లు టీచర్ని.
విజిల్ కాకుండా నా దగ్గరుండే సామాను
గాలిపోయిన రెండు బంతులు.

పట్ట సుంకన్న అంగడిది.
శనక్కాయలు ఆరబోసే నీలం పట్ట,
ఒక మూల ఎలుక కొరికింది.
"చినిగితే నువ్వే కొనియ్యాల టీచరమ్మా"
అని చెప్పే ఇచ్చినాడు.

ఆట ఇంతే:
పదిమంది పట్ట మీద నిలబడాల,
ఒక్క కాలూ నేలకు తగలకుండా
కిందిది పైకి, పైది కిందికి తిప్పాల.

"పనిలేనోళ్ల ఆట" అన్నాడు లాలప్ప.
బండలు కోసే మిషన్ కాడ నుంచి నేరుగా వచ్చినాడు,
రెప్పల మీద ఇంకా తెల్లదుమ్ము,
ముసలితనం ముందుగా వచ్చి చోటు పట్టుకున్నట్టు.
అన్నాడు గానీ చెప్పులిడిచి ఎక్కినాడు,
కూతురు ఉరుకుందమ్మ అప్పటికే ఎక్కేసింది మరి.

మద్దిలేటీ ఎక్కినాడు.
వాళ్లిద్దరికీ మాటల్లేక మూడు ఎండాకాలాలు,
కొళాయి పైపు ఎవరి గోడ కింద పోవాలన్న కాడ.
ఆ అంచున ఒకరు, ఈ అంచున ఒకరు.
నడాన మాబున్ని, ఆమె సంకలో ఏడాది బిడ్డ.
బిడ్డ లెక్కలోకి రాదు,
దాని కాళ్లు ఎట్లా నేలకు తగలవు.
ఐదో తరగతి పిల్లలు ఆరుగురు.
పదోవాళ్లు దొరకలేదు.
విజిల్ జేబులో వేసుకొని నేనే ఎక్కినా.

మొదటిసారి అందరూ మేస్త్రీలే.
"ఇట్ల మడువు", "అట్ల కాదు లేప్పా",
"నా మూల ఇడువు ముందు!"
పట్ట జానెడు కదిలే లోపల
వీరేశు మడమ మట్టిలో.
రెండోసారి మాబున్నికి నవ్వొచ్చి కూలబడింది,
ఆమె మీద ఇద్దరు.
మూడోసారి పడింది నా కాలే.
పిల్లోళ్ల సంబరం చూడాల!
ఇన్నేండ్లలో నేను ఔటయ్యింది
వాళ్లు ఒక్కసారీ చూడలేదు.

అప్పుడు లాలప్ప గొంతు సవరించుకున్నాడు.
"బండ ఎత్తేటప్పుడు
బలం చూపీరాదు.
పక్కోని ఊపిరి ఇనాల. ఇన్నాకనే వంగాల.
నేను ముందరపడిన రోజు ఇదో, ఇది పాయె."
ఎడమచేతి చిటికెనేలు సగమే ఉంది.
పిల్లోళ్లు దాన్ని చూసినారు,
నవ్వులు ఆగినాయి.

"సన్నోళ్లు పెద్దోళ్ల పాదాల మీదికెక్కండి,
చోటు అదే పుడతాది."

ఎవరికి దగ్గరుంటే వాళ్ల మీదికెక్కినారు.
ఉరుకుందమ్మకు దగ్గరున్నది మద్దిలేటి.
ఆయన చేతులు కాసేపు గాల్లోనే ఉండిపోయినాయి,
వేడి గిన్నె దించడానికి గుడ్డ వెతుక్కునేవాళ్ల మాదిరి.
తరువాత ఆ పిల్ల భుజాలు పట్టుకున్నాడు.
లాలప్ప చూసినాడు.
చూసి, "ఊఁ" అన్నాడు.

ఆ "ఊఁ"కు పదిమందిమి వంగినాం.
ఇంకో "ఊఁ"కు మడత దాటినాం.
ఇంటర్వెల్ గంట కొట్టినారు,
ఎవరూ దిగలేదు.
పట్ట అడుగు పైకొచ్చింది:
వెలిసిన బూడిదరంగు, ఏడెనిమిది చీమలు,
పాత శనక్కాయల వాసన.
మా పాదాలన్నీ దాని మీదున్నాయి,
ఏది ఎవరిదో లెక్కపెట్టడానికి కుదర్లేదు.

ఫోటో లేదు.
తీయాల్సిందాన్ని నేను,
నేను పట్ట మీదుంటిని.
నాలుగింటికి అందరినీ వరసగా నిలబెట్టి
ఒకటి తీసి పంపించినా,
అందులో ఏమీ లేదు.

దిగినాక మద్దిలేటి ఒక చెప్పు తొడుక్కొని
రెండోదానికి తడుముకుంటాండాడు.
అది లాలప్ప కాలికాడ ఉంది.
లాలప్ప వంగలేదు, పిలవలేదు,
బొటనవేలితో అటు తోసినాడు.
మద్దిలేటి తొడుక్కొని పోయినాడు.
పైపు ఈ పొద్దుటికీ ఉన్నకాడే ఉంది.

కాగితంలో ఆఖరి గడి మిగిలింది,
"ఈ కార్యక్రమం వలన కలిగిన ప్రయోజనం".
రెండే గీతల జాగా.
పెన్ను మూత కొరుక్కుంటా శానాసేపు కూచుంటి.
చివరికి రాసినా:
పట్ట చినగలేదు.