పదీ పది నుంచి పదకొండూ పది

సన్నటి గాజు గొట్టంలో
మాల్యాద్రి గారి నెత్తురు నిలబెట్టి
గోడ గడియారం చూశాను. పదీ పది.
ఇక గంటసేపు దాన్నెవరూ కదిలించకూడదు.
కందుకూరు బస్టాండు వెనక సందులో మా ల్యాబు.
బస్సు రివర్సు చేసినప్పుడల్లా బల్ల వణుకుతుంది,
అందుకే స్టాండు కింద మడతపెట్టిన పాత దుప్పటి.

బయట బెంచీ ఖాళీగానే ఉంది.
కూర్చుంటే లేవలేనని ఆయన నిలబడ్డాడు.
ముప్పై రెండేళ్ళు పామూరు సర్వీసులో కండక్టరు.
శనివారాలు మాలకొండ స్పెషల్,
కొబ్బరికాయల సంచుల మధ్య ఒంటికాలి మీద నిలబడి
తలెత్తకుండానే గంట తాడు అందుకున్న చెయ్యి
ఇప్పుడు భుజం దాటి పైకి రాదు.

"పొద్దున్నే లెగిస్తే ఒళ్ళు నాది కాదమ్మా,
రాత్రి ఎవురో సిమెంటు పోసి పోయినట్టుంటది.
పక్కకి ఒత్తిగిల్లాలంటే
మంచంకోడు పట్టుకోని మూలగాల.
చొక్కా చేతులు మా కోడలు తొడగాల,
సిగ్గుతో కళ్ళు మూసుకుంటా.
పదకొండైతే కాస్త కరుగుద్ది. మళ్ళా రేపు."

రెండు భుజాలు. రెండు తుంట్లు. మెడ.
నొప్పి అన్నదమ్ముల పంపకంలా వచ్చింది,
ఒక పక్కకి ఎక్కువిచ్చారన్న పేచీ లేదు.

మూడు నెలలు తిరిగాడు.
ఆర్ఎంపీ సూదులు, లింగసముద్రంలో పసరు పట్టు,
మెడకి ఎక్స్‌రే,
"చికున్‌గున్యా వాసన ఇంకా పోలా" అన్నాడొకాయన,
"డెబ్బై రెండు కదా" అన్నారు మిగతా అందరూ.
వయసు అనేయడం ఎంత సులువు!
దానికి గొట్టం అక్కర్లేదు, గంట ఆగక్కర్లేదు.

పెద్దాసుపత్రికి కొత్తగా వచ్చిన షమీమ్ డాక్టరమ్మ మాత్రం
చేతులు పైకెత్తమంది. ఎత్తలేకపోయాడు.
"నొప్పి వల్లా, బలం లేకా?" అంది.
ఆ ప్రశ్నకి చాలాసేపు ఆలోచించాడట.
"నొప్పేనమ్మా. బలం లోపలుంది, బిగుసుకుంది."
తల దువ్వితే మాడు నొప్పా?
ముక్క నమిలితే దవడ లాగుతుందా?
కంటికి ఉన్నట్టుండి తెర పడ్డం గానీ?
లేవన్నాడు.
"ఎప్పుడైనా వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, చూపు పోతుంది."
ఆ మాట చీటీ వెనకాల ఎర్రసిరాతో రాసింది.

పదకొండూ పది.
ఎరుపు కిందికి జారింది, పైన ఎండుగడ్డి రంగు నీళ్ళు.
గీతలు లెక్కపెట్టాను. తొంభై నాలుగు.
మళ్ళీ లెక్కపెట్టాను.
ఆ వయసుకి ముప్పై ఐదు, పోనీ నలభై.
కీళ్ళవాతం పరీక్షలో ఏమీ లేదు, థైరాయిడ్ బాగుంది,
కండరాల ఎంజైము మామూలే.
ఒంట్లో ఎక్కడో నిప్పుంది,
పొగ నా గొట్టంలో కనపడింది.

పేరు చెప్పారు: పాలీమయాల్జియా రుమాటికా.
"అబ్బో, కనిగిరి నించి కంభం దాకా ఉందే" అన్నాడు.

పదిహేను మిల్లీగ్రాములు, పొద్దున్నే, టిఫిన్ తిన్నాక.
మూడోనాడు నేను తాళం తీస్తుంటే
మెట్ల మీద ఆయన. చొక్కా తనే తొడుక్కున్నాడు,
ఒక గుండీ తప్పు కాజాలో.
చెయ్యి పైకెత్తి, లేని తాడు రెండుసార్లు లాగాడు.
నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు,
దించడం మర్చిపోయి ఆ చేతినే చూస్తున్నాడు.

అక్కడ ఆపేస్తే బాగుండేది.
రెండో నెల, బాగైపోయిందని మాత్రలు మానేశాడు.
వారానికి మళ్ళీ సిమెంటు,
మళ్ళీ కోడలు, మళ్ళీ మూసుకున్న కళ్ళు.
డాక్టరమ్మ తిట్టలేదు. కాగితం మీద స్టేజీలు గీసింది:
పదిహేను, పన్నెండున్నర, పది,
ఆపైన నెలకొక్క మిల్లీగ్రాము.
"ఎక్స్‌ప్రెస్ కాదు పెద్దాయనా, పల్లెవెలుగు."
ఏడాదో, ఏడాదిన్నరో, ఇంకా ఎక్కువో.
షుగరు చూస్తుండాలి, ఎముకలకి కాల్షియం.
ముఖం గుండ్రంగా ఉబ్బితే
మనవరాలు "పూరీ తాత" అంటోందట.

ఇవాళ నాలుగు మిల్లీగ్రాముల దగ్గరున్నాడు.
గొట్టం నిలబెట్టాను. బస్సు రివర్సవుతోంది,
బల్లని అరచేత్తో అదిమి పట్టుకున్నాను.
బెంచీ మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.
లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యేసి
"ఉష్" అంటాడు చూడండి,
అది మాత్రం వయసే.