వెనక్కి మాత్రమే

గుంతకల్లు జంక్షన్లో బ్యాటరీ బండి
తొమ్మిది దినాలుగా వెనక్కి మాత్రమే పోతా ఉంది.
ముందుకు మీట వేసి తొక్కితే టక్ మంటుంది, అంతే.
డ్రైవరు కౌలుట్లయ్య మెడ తిప్పుకునే
ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు
ముసలోళ్లను, కాలు విరిగినోళ్లను, ఉల్లిగడ్డ మూటలను మోసినాడు.
దిగేటప్పుడు ఒకామె అనిందంట:
"పొయ్యే తావు కనపడలేదు గానీ నాయినా,
వచ్చిన తావంతా బాగా కనపడింది."

మోటారు పోయిందన్నాడు కంట్రాక్టరు.
హైదరాబాదు నుంచి కొత్తది రావాల, ముప్పై ఎనిమిది వేలు.
అంతవరకు జీతం లేదు.
రాతిరి మద్రాసు మెయిలు పోయినాక
బండిని వెనక్కే నడుపుకుంటా వచ్చి
మా వైండింగు షాపు ముందర నిలబెట్టినాడు.

సీటెత్తితే ఆరు బ్యాటరీలు.
కొసలకు పచ్చని చిలుము, రెండింట్లో పలకలు బయటపడినాయి.
"నీళ్లెప్పుడు పోసినావు?"
"పోయాలని నాకెవరు చెప్పినారక్కా?"
ఈ సీమలో నీళ్లడగని యంత్రముంటుందా అనుకుంటిని.
వంటసోడా నీళ్లతో కడిగి, మీటరు పెడితిని.
నలభై ఎనిమిదికి నలభై ఏడున్నర. చాలు.

ఎర్ర వైరొకటి ఎలక కొరికింది.
దొరికింది దొంగ అనుకొని
గంట సేపు దానికి టేపు చుట్టితిని.
తొక్కితే మళ్లీ టక్.
తప్పు నాదే. ఎలక ఆ పొద్దు నిర్దోషి.

మోటారును తిట్టే ముందర దాన్ని వినమనేవాడు మా నాయిన.
వింటిని.
వెనక్కి పోతుందంటే బ్యాటరీ బతికే ఉంది,
బ్రష్షులు అరగలేదు, ఆర్మేచరు కాలలేదు.
కాలిన ఆర్మేచరు వాసన నాకు చెప్పాల్నా?
ఇరవై రెండేండ్లు బోరు మోటార్లు విప్పినదాన్ని.
ఓల్టేజీ చాలక మాడినవి
ఊడలు దిగే చెనిక్కాయకు నీళ్లు కావాల్సిన వారంలోనే
ట్రాక్టరెక్కి వరసగా వస్తాయి.
ఆ వాసన నా కొంగులో ఉంది, సద్దిగిన్నెలో ఉంది.
దీంట్లో లేదు.

ఈ జాతి మోటారుకు దిక్కు మార్చాలంటే
తిరిగేదాన్ని ఏమీ చేయబళ్లే.
చుట్టూ కదలకుండా కూచున్న తీగచుట్టలో
కరెంటును అటుదిటు చేస్తే చాలు.
ఆ పని చేసే చెయ్యి సీటు కింద మీట.

మూడు బోల్టులు వచ్చినాయి, నాలుగోది రాలేదు.
కిరసనాయిలు పోసి, కౌలుట్లయ్య బీడీ ఆర్పించి, టీ తాగి వచ్చి తిప్పితే వచ్చింది.
లోపల ముందు వైపు రాగి బిళ్ల
పొయ్యిలో పడిన బొరుగు మాదిరి నల్లగా ఉబ్బింది.
వెనక వైపుది తళతళమంటా ఉంది.
పదేండ్లు అందరూ ముందుకే కదా తొక్కినారు,
ముందుదే కాలింది.

కొత్త బిళ్ల యాడ తెచ్చేది?
గోడకు మేకు మీద ఒక స్టార్టరుంది.
కింద సుద్దతో మా నాయిన రాత:
చిప్పగిరి వన్నూరప్ప, బాకీ ఆరునూర్లు.
బాగు చేసి పెట్టేలోపల ఆయప్ప బోరు ఎండిపోయింది.
స్టార్టరు కోసం ఎవరూ రాలేదు,
మేమూ అడగలేదు.
మూత తీస్తే బల్లిగుడ్డు పెంకులు,
వాటెనక గీత పడని రాగి.
ఎనిమిదినూర్ల అడుగుల కిందికి కరెంటు పంపడానికి చేసింది.
కోసి, ఆకురాయితో గీకి, బిగిస్తిని.

"ముందుకు తొక్కు."
బండి కదిలింది.
కౌలుట్లయ్య మెడ మాత్రం అలవాటుగా వెనక్కే తిరిగింది.
ఎదురుగా టీ అంగడి బెంచీ ఒక కాలు పోగొట్టుకునింది.
నవ్వు ఆగక ఇద్దరం రోడ్డు మీదే కూలబడితిమి.

"ఎంతక్కా?"
"ఆరునూర్లు."
నాలుగు నూర్ల యాభై ఇచ్చినాడు, తక్కింది శనివారమన్నాడు.

వన్నూరప్ప పేరు కొట్టేద్దామని సుద్ద తీసుకుంటిని.
చెయ్యి రాలేదు.
దాని కిందనే రాస్తిని:
కౌలుట్లయ్య, నూట యాభై.