మూడో నంబరు గోడౌను

చెప్పులు అక్కడ విడవకు నాగలహరీ,
పందికొక్కులు వారు కొరికేస్తాయి.
స్కానరు తర్వాత ఇస్తాను.
ముందు ఊపిరి పీల్చు.

ఇది పాత బియ్యం.
ఇది కొత్త గోనె.
ఆ మూల నుంచి పుల్లగా, వెచ్చగా
ఏదో వస్తోంది చూడు,
అది కంప్యూటరుకి తెలీదు.
మన జీతం దానికే.

నేను ఈ షట్టరు కింద వంగి లోపలికొచ్చింది
చీపురుతో.
చిరిగిన బస్తాల కింద ఒలికింది ఊడ్చి
మట్టి వేరు, నూక వేరు చెరిగితే
రోజుకి అరవై.
మా నాన్న ఏసుపాదం ఇక్కడి ముఠాలోనే మోసేవాడు,
వీపున డెబ్బై అయిదు కిలోలు, చేతిలో కొక్కెం.
గూడెం స్టేషన్లో రేకు పడిందంటే
నలభై రెండు వ్యాగన్లూ నిండేదాకా
మా ఇంట్లో పొయ్యికి కూడా నిద్ర ఉండేది కాదు.
గంట దాటితే కంపెనీకి జరిమానా,
దాటకపోతే నాన్నకి నడుం.

లెక్క నాకు బళ్ళో రాలేదు.
తలుపు చెక్క మీద సుద్దముక్కతో వచ్చింది,
నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం.
గుమస్తా సూర్రావుగారు టీకి వెళ్ళినప్పుడల్లా
ఊరికే గీసుకునేదాన్ని.
ఒకరోజు ఆయనకీ నాకూ పదకొండు బస్తాలు తేడా.
తిట్టుకుంటూ లారీ దింపి మళ్ళీ లెక్కపెట్టారు.
మర్నాటి నుంచి చీపురు ఇంకొకరికిచ్చారు.

గోడౌనుకి ధర్మం ఒక్కటే,
ఎర్ర రంగుతో గోడ మీద ఉంది, చదువు.
*ముందొచ్చిన సరుకు ముందు పోవాలి.*
రోజూ దాని కిందే నిలబడి
నా తర్వాత వచ్చినవాళ్ళు
మెట్లెక్కి ఏసీ గదిలోకి పోవడం చూశాను.
తణుకు నుంచి ఒకడు,
భీమవరంలో రొయ్యల ప్లాంటు వదిలేసి ఒకడు,
మేనేజరు బావమరిది ఒకడు (మంచివాడే పాపం,
మొదటి నెల నూకని రవ్వనుకున్నాడు).
పదమూడేళ్ళు.
అట్టడుగు బస్తాకి ఏమవుతుందో
నాకెవరూ చెప్పక్కర్లేదు.
పైన పద్దెనిమిది వరసల బరువు,
కింద నేల చెమ్మ,
లేబులు మాత్రం కొత్తగానే ఉంటుంది.

ఆ కార్తీకంలో తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది.
మా కప్పు ఎగరలేదు,
కాలవ గట్టు తెగలేదు,
తెర మీద గడులన్నీ పచ్చగానే ఉన్నాయి.
ఏడో స్టాకు పక్కన పడుకున్న కుక్క మాత్రం
లేచి ఇంకోచోటికి పోయింది.
వెళ్ళి నేల మీద చెయ్యి పెట్టాను.
దించండి, అన్నాను.

ఎవరి ఆర్డరు, అన్నాడు బావమరిది.
రిజిస్టరు లాక్కుని సంతకం పెట్టాను,
చీటీలు రాయడమే తప్ప
ఆ గడిలో నా సంతకం చెల్లదు, తెలుసు.
ముఠాలో నాన్నతో మోసినవాళ్ళు ఇద్దరే మిగిలారు.
వాళ్ళు బీడీలు ఆర్పి లేచారు.
తర్వాత మిగతావాళ్ళు.
తెల్లారేసరికి, వెనక మురుక్కోడు ఎగదన్ని
చెక్క పలకల కింద వేలెడు నీళ్ళు,
చప్పుడే లేదు.

రెండు నెలలకి కార్డు వచ్చింది.
షిఫ్ట్ ఇన్‌ఛార్జి, శ్రీ దేవ్ కరుణ్.
దేవకరుణ అని మార్చమని మూడు కాగితాలు పెట్టాను,
ఇంకా శ్రీగానే ఉన్నాను.
నాన్న ఆ కార్డుని అటూ ఇటూ తిప్పి
అరచేతిలో తూచి
"ఎన్ని కిలోలే ఇది?" అన్నాడు.
నవ్వాడో లేదో, చీకట్లో కనపడలేదు.

ఇదిగో స్కానరు.
ఎర్ర గీత పడగానే కూత పెడుతుంది.
కూశాక కూడా బస్తాని చేత్తో ఓసారి తట్టు,
లోపల గట్టిగా పలకాలి.
గోడ మీద ఆ అక్షరాలు వెలిసిపోయాయి,
ఆదివారం రంగెయ్యాలి.
నువ్వెక్కు, నిచ్చెన నేను పట్టుకుంటాను.

పన్నెండింటికి రేకు.
అన్నం తెచ్చుకున్నావా?